అన్నానికి వంక లేదు, అమ్మకానికి లెక్క ఉంది



తిండికి వంక పెట్టరాదని మద్రసాలో పిల్లలకు పాతికేళ్ళకు పైగా మేము బోధిస్తూ వస్తున్నాము. పప్పు పలుచబడినా, రొట్టె మాడినా, కూరలో ఉప్పు తగ్గినా బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టి అల్హమ్దులిల్లాహ్ అని ముగించమంటాము. ఈ బోధకు మూలం స్పష్టం. మహనీయ ముహమ్మద్ (స) ఏనాడూ ఏ ఆహారానికీ దోషం ఎంచలేదనీ, ఇష్టమైతే భుజించేవారనీ, ఇష్టం లేకుంటే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

అయితే డబ్బు చెల్లించి కొన్న అన్నం విషయంలోనూ ఇదే మర్యాద వర్తిస్తుందా? చెప్పిన పదార్థం ఒకటి, పెట్టింది మరొకటి అయినప్పుడు కూడా విశ్వాసి నోరు మెదపకుండా లేచి రావలసిందేనా? గత నెల ఒక నగర భోజనశాలలో మా చెల్లెలు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. ఎందరో కుటుంబీకులకు ఎదురయ్యే ప్రశ్న గనుక ఈ నెల దీన్నే చర్చకు తీసుకుంటున్నాము.

తొలి జీతపు విందు

మా మేనల్లుడు చదువు ముగించి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. తొలి జీతం చేతికందిన వారం మేము పనిమీద నగరానికి వెళ్ళాము. "మామూ, ఈ రాత్రి భోజనం నా తరఫున. ముమానీని కూడా తీసుకురండి" అని ఎంతో ఆశగా పిలిచాడు. ఆహ్వానాన్ని స్వీకరించడం ముస్లింపై ముస్లింకు ఉన్న హక్కులలో ఒకటి. ఇషా నమాజు ముగించుకొని మేము, మా ఇంటివారు, మా చెల్లెలు, బావగారు, వారి ముగ్గురు పిల్లలు, మొత్తం ఏడుగురం బయలుదేరాము. అదేమీ ఖరీదైన చోటు కాదు. కుటుంబాలు సాధారణంగా వెళ్ళే భోజనశాలే. గుమ్మం మీద హలాల్ అనే మాట పెద్ద అక్షరాలతో వెలుగుతున్నది. లోపలి గోడ నిండా పొగలు కక్కే బిర్యానీ చిత్రాలు.

కూర్చున్నాక యాభై నిమిషాలు గడిచినా పళ్ళెం రాలేదు. అడగకుండానే నాలుగు నీళ్ళ సీసాలు తెచ్చి మూతలు తీసి పెట్టారు. చివరకు వడ్డన మొదలైంది. పట్టికలో 'కచ్చే గోష్త్ దమ్ బిర్యానీ' అని ఉంది. పళ్ళెంలోకి వచ్చినది విడిగా ఉడికించిన అన్నం, దానిపై కుమ్మరించిన మసాలా పులుసు, మధ్యలో నాలుగు ఎముకలు. అన్నం మెతుకులు నారింజ రంగులో ఉన్నాయి. ఆ రంగు వేళ్ళకు అంటి, చేతులు కడిగినా వదలలేదు. డబల్ కా మీఠా శీతల పెట్టెలోంచి తీసినది తీసినట్లే గడ్డకట్టి ఉంది. షికంపూరీ కబాబులు నోటికి దగ్గరగా తీసుకోగానే పాత నూనె కంపు కొట్టాయి. మా చిన్న మేనకోడలు ఒక ముక్క కొరికి, ఉమ్మివేయడానికి మొహమాటపడి, కళ్ళలో నీళ్ళతో వాళ్ళ అమ్మ వైపు చూసింది.

మా మేనల్లుడు ఒక్క మెతుకూ మింగలేకపోతున్నాడు. ఆ అబ్బాయి ముఖం చూసిన మాకు బిర్యానీ సంగతి మరుపుకు వచ్చింది. బిడ్డ తన తొలి సంపాదనతో పెద్దలకు అన్నం పెట్టాలనుకున్నాడు. అది చెడిపోయిందని వాడు కుమిలిపోతున్నాడు.

"బాగుంది బేటా" అని అబద్ధమాడటం మాకు తగదు. "ఏం చోటుకు తీసుకొచ్చావురా" అనడం అంతకన్నా తగదు. ఈ రెండింటి నడుమ సత్యమైన మాట ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి పలకడమే పెద్దరికం. "బేటా, నీ తొలి సంపాదనలో తొలి ముద్ద మాకు పెట్టావు. అల్లాహ్ నీ జీవనోపాధిలో బర్కత్ ప్రసాదించుగాక. వంట వారిది, ఆతిథ్యం నీది. నీ ఆతిథ్యంలో లోటు లేదు" అని చెప్పాము. వాడు తలెత్తి చూశాడు. అతిథిగా మేము చెల్లించవలసిన రుణం అది. ఆహ్వానించిన వాని మనసు, వండిన వాని పనితనం ఒకే ఖాతాలో రాయకూడదు.

అప్పుడు మా చెల్లెలు మెల్లగా అడిగింది: "భాయ్‌జాన్, తిండికి వంక పెట్టవద్దని మీరే చెబుతారు కదా. ఈ కబాబులు తిప్పి పంపితే పాపమా?"

రెండు హదీసులు, ఒకే ఉల్లేఖకుడు

ఆ ప్రశ్నకు సమాధానం మొదటి హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబూ హురైరా (రజి) గారి వద్దనే మనకు దొరుకుతుంది. సహీహ్ ముస్లింలో ఆయన చెప్పిన మరొక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి దగ్గరకు వెళ్ళి అందులో చేయి దూర్చారు. లోపల వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అమ్మకందారుని నిలదీశారు. వాన తగిలిందని అతడు జవాబిచ్చాడు. అలాగైతే తడిసిన ధాన్యాన్ని జనులకు కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తమ సమాజానికి చెందినవాడు కాడని తీవ్రంగా హెచ్చరించారు.

చదువరులు గమనించాలి. దస్తర్‌ఖాన్ మీద ఏ ఆహారాన్నీ ఆక్షేపించని ఆ మహనీయులే బజారులో ధాన్యపు రాశి లోపలిదాకా చేయి పెట్టి చూశారు. ఈ రెంటికీ వైరుధ్యం ఏ మాత్రమూ లేదు. మొదటిచోట ఉన్నది అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహం, దాన్ని వండిపెట్టిన చేయి. రెండోచోట ఉన్నది ఒప్పందం. అనుగ్రహానికి కృతజ్ఞత చెల్లించాలి, ఒప్పందంలో న్యాయం జరిగి తీరాలి. ధాన్యానికి తడి తగలడం దోషమని ప్రవక్త (స) అనలేదు. వాన అల్లాహ్ ఆజ్ఞతో కురిసినదే. ఆ తడిని లోపల దాచడమే దోషం.

ఇంట్లో భార్య, తల్లి, కోడలు పొయ్యి దగ్గర చెమటోడ్చి వండినదానికి వంక పెట్టేవారు ఈ తేడాను తలకిందులు చేస్తున్నారు. భోజనశాలలో వందల రూపాయలు పోసి పాచిపోయినది తిని కూడా మొహమాటానికి "బాగుంది" అని వచ్చే పెద్దమనిషి, ఇంటికి వచ్చాక ఉచితంగా లభించే అన్నంలో రాయి తగిలిందని పళ్ళెం విసిరేస్తాడు. మౌనం వహించవలసిన చోట గర్జించి, మాట్లాడవలసిన చోట నోరు మూసుకుంటాడు. ఇంట్లో కూర లేని రోజున ప్రవక్త (స) సిర్కాతోనే రొట్టె తిని సిర్కాను మెచ్చుకున్నారన్న హదీసు అలాంటి వారి కోసమే.

రుచి వేరు, దోషం వేరు

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. మనకు నచ్చనిదంతా మోసం అయిపోదు. ఒకసారి ప్రవక్త (స) ఎదుట కాల్చిన ఉడుము మాంసం ఉంచారు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. అది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదనీ, తమ ప్రాంతంలో అది లేనందున తమకు సహించదనీ తెలిపారు. ఖాలిద్ (రజి) దాన్ని తన వైపుకు లాక్కొని భుజించారు. తనకు రుచించనిదాన్ని ప్రవక్త (స) చెడ్డదని అనలేదు.

అందుచేత ఆ రాత్రి మా ముందున్నవాటిని మేము మూడు వరుసలుగా వేరుచేశాము.

మొదటిది, రుచికి సంబంధించినది. డబల్ కా మీఠా చల్లగా ఉంది, తీపి ఎక్కువైంది. ఇది మా నాలుకకు సంబంధించిన సంగతి. తిన్నంత తిన్నాము, పల్లెత్తు మాట అనలేదు. ఆలస్యం కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఆ రాత్రి జనం ఎక్కువ, వడ్డించే చేతులు తక్కువ.

రెండవది, పేరుకు సంబంధించినది. కచ్చే గోష్త్ బిర్యానీ అంటే ఏమిటో హైదరాబాదు ఇళ్ళలో పుట్టిన ప్రతి ఆడపడుచుకూ తెలుసు. పచ్చి మాంసానికి పెరుగు, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, వేయించిన ఉల్లి పట్టించి నానబెడతారు. సగం ఉడికిన బియ్యాన్ని దానిమీద పొరగా పరుస్తారు. పాలలో కలిపిన కుంకుమపువ్వు అక్కడక్కడ చల్లుతారు. గిన్నె అంచును తడిపిన పిండితో మూసి, కింద సన్నని మంట, పైన నిప్పులు ఉంచుతారు. లోపలి ఆవిరితోనే మాంసమూ అన్నమూ కలిసి పక్వమవుతాయి. ఆ శ్రమకే ఆ పేరు, ఆ పేరుకే ఆ ధర. విడిగా వండిన పులుసన్నం అమ్మడం తప్పేమీ కాదు. దానికి పులుసన్నం అనే పేరు పెట్టి, తగిన ధరకు అమ్మితే అది నిష్కళంకమైన వ్యాపారం. దమ్ పెట్టనిదాన్ని దమ్ అని, రంగు కలిపినదాన్ని కుంకుమపువ్వు అని నమ్మించడం మాత్రం తడి ధాన్యాన్ని రాశి అడుగున దాచడమే. అరబీలో దీన్నే తద్‌లీస్ అంటారు.

మూడవది, ఆరోగ్యానికి హాని చేసేది. కంపు కొడుతున్న కబాబు తినడం ఓర్పు అనిపించుకోదు. పిల్లల చేత తినిపించడం అంతకన్నా పెద్ద తప్పు. దివ్య ఖుర్ఆన్ 'బఖరా' సూరాలో మానవులను హలాల్ అయినవీ, తయ్యిబ్ అయినవీ తినమని ఆదేశించింది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది. జబహ్ సక్రమంగా జరిగిన మాంసమైనా పాడైపోతే తయ్యిబ్ అనిపించుకోదు. గుమ్మం మీద ఒక మాట రాసి, వంటగదిలో రెండో మాట మరచిపోవడం తగదు.

పద్ధతి ప్రకారం తిప్పి పంపడం

ఫిఖహ్ గ్రంథాలలో 'ఖియారె ఐబ్' అనే అధ్యాయం ఉంది. కొన్న వస్తువులో దోషం బయటపడితే దాన్ని తిరిగి ఇచ్చివేసే హక్కు కొనుగోలుదారునికి ఉంటుంది. అయితే దోషం తెలిసిన తర్వాత కూడా ఆ వస్తువును తన సొంతంగా వాడుకుంటే, దోషానికి అంగీకరించినట్లే లెక్క. అప్పుడు ఆ హక్కు పోతుంది. భోజనశాలలో ఈ నియమాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు: తొలి ముద్దలోనే లోపం తెలిస్తే అక్కడే ఆపి చెప్పాలి. పళ్ళెం ఖాళీచేసి, ఎముకలు చీకి, బిల్లు వచ్చాక "బాగాలేదు" అని వాదించేవాడు తానే అన్యాయానికి పాల్పడుతున్నాడు.

మేము రెండు పళ్ళాల కబాబులనూ పక్కన పెట్టించి, నిర్వాహకుని బల్ల వద్దకు స్వయంగా వెళ్ళి, నలుగురికీ వినబడకుండా విషయం చెప్పాము. ఆయన నవ్వి, "హజ్రత్, రోజూ వందలమంది తింటున్నారు. ఎవరూ ఏమీ అనలేదే" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆయన అన్నది నిజమే కావచ్చు. ఎవరూ ఏమీ అనలేదు. మన మొహమాటాలన్నీ ప్రోగై ఆ వ్యాపారికి యోగ్యతాపత్రం అయ్యాయి. మనం మౌనంగా వదిలి వచ్చిన పాత నూనె, మన వెనుక వచ్చే మరో ఇంటి బిడ్డ పళ్ళెంలోకి చేరుతుంది. కబాబును ఒకసారి వాసన చూడమని మాత్రమే ఆయనను కోరాము. చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆ రెండు పళ్ళాల సొమ్ము 840 రూపాయలు తీసివేస్తానన్నాడు.

అంతలో మాకు వడ్డించిన కుర్రవాడు అక్కడే గోడకు ఆనుకొని నిలబడి ఉండటం గమనించాము. పద్దెనిమిదేళ్ళు దాటి ఉండవు. బీహారులోని కిషన్‌గంజ్ వైపు వాడు. మా మద్రసాలోనూ ఆ ప్రాంతపు తాలిబె ఇల్ములు ఉన్నారు గనుక మాట యాస మాకు తెలుసు. ముఖం పాలిపోయి ఉంది. ఎందుకని అడిగాము. తిరిగి వచ్చిన పళ్ళెం ఖరీదు తన జీతంలో కోస్తారని చెప్పాడు.

న్యాయం అడగబోయి మరొకరికి అన్యాయం చేయించడం ఎంత సులభమో ఆ క్షణంలో కనబడింది. నూనె మార్చకపోవడం ఆ కుర్రవాని నేరం కాదు, వాడు వంటవాడు కాదు, యజమాని అంతకన్నా కాదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ధర్మం మనది. మేము తిరిగి నిర్వాహకుని వద్దకు వెళ్ళి, ఈ సొమ్ము ఆ అబ్బాయి జీతంలోంచి కోయనని ఆ అబ్బాయి ఎదుటనే మాట ఇవ్వమన్నాము. లేదంటే 840 రూపాయలూ మేమే చెల్లిస్తామన్నాము. ఆయన కాసేపు ఊరకుండి, కోయనని చెప్పాడు. ఆ మాట నిలబెట్టుకునేదీ లేనిదీ ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్న సంగతి.

బిల్లు చదవడం కూడా బాధ్యతే

బిల్లు వచ్చినప్పుడు మా మేనల్లుడు చూడకుండానే చెల్లించబోయాడు. పెద్దల ముందు లెక్క చూసుకుంటే పిసినారితనం అనుకుంటారని వాడి బెరుకు. కబాబులు తీసివేశాక మిగిలిన 2,750 రూపాయలకు తోడు, సర్వీస్ చార్జీ పేరిట 359 రూపాయలు కలిపి ఉన్నాయి. కబాబుల సొమ్ము తీసివేశారు గానీ, వాటితో కలిపి లెక్కకట్టిన పది శాతం అలాగే ఉండిపోయింది.

ఈ విషయంలో చట్టం ఏమంటున్నదో ప్రతి గృహస్థూ తెలుసుకోవాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం హోటళ్ళు సర్వీస్ చార్జీని తమంతట తాము బిల్లులో కలపరాదు, మరో పేరుతో వసూలు చేయరాదు, చెల్లించమని బలవంతపెట్టరాదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఇచ్చిన తీర్పులో ఈ మార్గదర్శకాలను సమర్థించింది. జీఎస్టీ ప్రభుత్వానికి చేరే పన్ను గనుక అది చెల్లించవలసిందే. సర్వీస్ చార్జీ పన్ను కాదు. ఈ రెండింటికీ తేడా తెలియని కారణంగానే చాలామంది చెల్లించి వస్తున్నారు. మేము అడగ్గానే ఆ 359 రూపాయలు తీసివేశారు. 5 శాతం జీఎస్టీతో కలిపి 2,887 రూపాయల 50 పైసలు అయింది. వడ్డించిన అబ్బాయికి ఇవ్వదలచినది మా బావగారు నేరుగా వాడి చేతిలోనే పెట్టారు.

కొలతల్లో తగ్గించి ఇచ్చేవారిని గురించి దివ్య ఖుర్ఆన్‌లో 'ముతఫ్ఫిఫీన్' అనే ఒక సూరాయే ఉంది. తమకు రావలసినది పూర్తిగా తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి అందులో వినాశపు హెచ్చరిక ఉంది. తూకపు రాయికే ఇది పరిమితమని అనుకోరాదు. మాంసం పేర ఎముకలు వడ్డించి పూర్తి ధర తీసుకునేవాడూ, కూలివాని జీతం కోసేవాడూ తమ త్రాసును ఒకసారి చూసుకోవాలి.

మిగిలిన అన్నం, మిగిలిన మాట

తిరిగి వచ్చేటప్పుడు చాలా కుటుంబాలు చేసే ఒక పని గురించి చెప్పాలి. తినలేక వదిలినదాన్ని పొట్లం కట్టించి, గుమ్మం దగ్గర చేయి చాచిన పేదవాని చేతిలో పెట్టి, సదఖా చేశామని తృప్తిపడతారు. బాగున్న అన్నం మిగిలితే అలా ఇవ్వడం పుణ్యమే, వృథా చేయడం కంటే వెయ్యిరెట్లు మేలు. కానీ కంపు కొట్టిందని మన బిడ్డ నోటినుంచి తీసినదాన్ని మరొకరి బిడ్డకు ఇవ్వడం దానమెలా అవుతుంది? మీరే కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోని నాసి వస్తువును దైవమార్గంలో ఇవ్వాలనుకోవద్దని 'బఖరా' సూరా స్పష్టంగా వారిస్తున్నది.

ఇక ఫోనుల్లో నక్షత్రాలు ఇచ్చి అభిప్రాయాలు రాసే అలవాటు సంగతి. "హోటలు గురించి చెడుగా రాస్తే గీబత్ అవుతుందా?" అని యువకులు అడుగుతుంటారు. ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో ఒకరి లోపాన్ని ప్రస్తావించడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలను పేర్కొన్నారు. అన్యాయానికి గురైనవాడు అధికారికి ఫిర్యాదు చేయడం, ప్రజలను హాని నుంచి హెచ్చరించడం వాటిలోనివే. కనుక నిజం రాయడానికి అనుమతి ఉంది. కానీ అది సాక్ష్యం. సాక్ష్యానికి ఉండే నియమాలన్నీ దానికీ ఉంటాయి. ఏ రోజు, ఏ పదార్థం, ఏమి కనబడింది అన్నంతవరకే రాయాలి. చూడని వంటగదిని ఊహించి రాయరాదు. కోపం తీర్చుకోవడానికి యజమాని మతాన్ని, కులాన్ని, ఊరిని లాగరాదు. తినని చోటుకు మిత్రుని మాట మీద అయిదు నక్షత్రాలు ఇవ్వడం కూడా దొంగసాక్ష్యమే. సరిదిద్దుకుంటామని వారు చెప్పి, సరిదిద్దుకుంటే, ఆ మాట కూడా రాయడం న్యాయం.

ఆరోగ్యానికి హాని కలిగించే విషయమైతే రాతతో ఆగకూడదు. ప్రతి భోజనశాలలోనూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య కనబడేలా ఉంచాలి. ఆ సంఖ్యతో ఆహార భద్రతా అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లులో అక్రమాలకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉంది.

వ్యాపార సోదరులకు

మా పాఠకులలో హోటళ్ళు నడిపేవారు, బేకరీలు నడిపేవారు, విందులకు దేగులు ఎక్కించేవారు ఎందరో ఉన్నారు. వారికి రెండు మాటలు. ఆహార భద్రతా నిబంధనలు కృత్రిమ రంగులను కొన్ని నిర్ణీత పదార్థాలకే పరిమితం చేశాయి, బిర్యానీ వాటిలో లేదు. పదే పదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. అధికారి తనిఖీకి వచ్చే రోజు ఏడాదిలో ఏ ఒకటో రెండో ఉంటుంది. అల్లాహ్ మాత్రం ప్రతి రాత్రీ ఆ మూకుడును చూస్తూనే ఉన్నాడు. సత్యసంధుడైన వర్తకునికి హదీసులలో ఎంత ఉన్నత స్థానం చెప్పబడిందో మీకు తెలియనిది కాదు. గుమ్మం మీద హలాల్ అని రాసినవాడు తన ధర్మం పేరును పూచీగా పెట్టాడు. లోపల మోసం జరిగితే నష్టపోయేది అతని పేరు ఒక్కటే కాదు. ఆ మాటను నమ్మి లోపలికి వచ్చిన ముస్లిమేతర సోదరుడు ఏమని తలపోస్తాడో ఆలోచించండి.

మన ఇళ్ళలో పిల్లలకు రెండు పాఠాలూ కలిపి నేర్పుదాం. అమ్మ వడ్డించినదానికి వంక పెట్టవద్దని చెబుదాం. అంగడిలో మోసం కనబడితే నోరు దాచుకోవద్దనీ చెబుదాం. మాట్లాడేటప్పుడు గొంతు పెంచవద్దనీ, ఎదుటివాడు బలహీనుడైతే ముందు అతని కూలి సంగతి చూడమనీ చెబుదాం. మన పళ్ళాలలోకి హలాల్‌నూ తయ్యిబ్‌నూ, మన నాలుకలపైకి సత్యాన్నీ మృదుత్వాన్నీ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.